గాజుతొట్టి మీద సందెదీపం

మరిడమ్మ నోరు మంచిది కాదు. ఆ మాట ముందే చెప్పేస్తే నాకు తేలిక. చేపలబుట్ట నెత్తిన పెట్టుకుని వీధిలోకొచ్చిందంటే, గీచి గీచి బేరమాడినవాళ్ల ఏడు తరాలూ దులిపేసేది. భోగాపురం దగ్గర సముద్రపొడ్డు పల్లె ఆమెది. మొగుడు పోయాక విజయనగరం వచ్చి, పొద్దుట చేపలమ్ముకుని, సాయంత్రం మా ఇంటివాళ్ల దగ్గర పని చేసేది.

ఇంటివాళ్లంటే గోనెసంచుల వ్యాపారి నారాయణమూర్తిగారూ, ఆయన భార్య సుభద్రమ్మగారూ. పక్కవాటాలో మేం అద్దెకుండేవాళ్లం. మా వంటింటి కిటికీలోంచి వాళ్ల హాలంతా కనిపించేది. చూడకుండా ఊరుకునేదాన్నని అబద్ధం చెప్పను.

అరవై ఏడులో ఆయన కలకత్తా నుంచి గాజుతొట్టి తెచ్చారు, దాంతోపాటు ఎర్రచేపలూను. వీధంతా వచ్చి చూసిపోయింది. కూరకి పనికిరాని చేపకి ఈ వైభోగం ఏమిటని మరిడమ్మ అందరి ముందూ అంది. అయినా తొట్టి పని ఆమె నెత్తినే పడింది. "చేపల్లో పుట్టినదానివి, నీకు తెలీందేటుంది" అన్నారు సుభద్రమ్మగారు. తనకి తెలిసింది చచ్చిన చేపేనని మరిడమ్మ గొణుక్కుంది.

గొడవంతా ఆ తొట్టి మీది దీపంతో వచ్చింది. తొట్టికి మూతలా ఒక చెక్క, చెక్క మధ్య కన్నం, కన్నంలోంచి నీళ్లకి బెత్తెడు ఎత్తులో బల్బు. కరెంటు పనిచేసే కూర్మయ్య, పై దూలానికి కట్టి చెయ్యి తగలనంత ఎత్తున వేలాడదీస్తానన్నాడు. అలా అయితే వెలుగు వచ్చినవాళ్ల కళ్లలో పడుతుందిగానీ చేపల మీద పడదని సుభద్రమ్మగారు ఒప్పుకోలేదు. ఆవిరికి చెక్క ఎప్పుడూ చెమ్మగానే ఉండేది. ఇత్తడి హోల్డరుకి చిలుం పట్టింది.

పైగా ఆవిడ దాన్నే సందెదీపం చేసేసుకున్నారు. పొద్దు వాలగానే స్విచ్చి వెయ్యడం, రెండు చేతులూ జోడించడం. సందెవేళ వెలిగించిన దీపాన్ని చేతులారా ఆర్పకూడదు, నిజమే. ఆరిపోయిందని నోటితో కూడా అనం, కొండెక్కిందంటాం. నేనూ పాటిస్తాను. కానీ నా దీపం ప్రమిదలో ఉంటుంది, ఎవరి చేతినీ కాటెయ్యదు.

ఒకనాటి సాయంత్రం చుట్టాలొస్తున్నారని, మిగిలిపోయిన మేత తీసెయ్యమని పురమాయించారు. దీపం వెలుగుతూనే ఉంది. చెక్క ఎత్తి నీళ్లలో చెయ్యిపెట్టిన మరిడమ్మ కరెంటు కొట్టి, కేకవేసి వెనక్కి పడింది. ఆ రాత్రంతా కుడిచెయ్యి తనది కానట్టే ఉందట. మర్నాడు వచ్చి గుమ్మంలోనే నిలబడింది.

"అమ్మగోరూ, నాను సెయ్యెట్టినప్పుడు దీపవైనా ఆపండి, నేకపోతే పైకైనా కట్టించండి. ఏదీ నేదంటే నాను ముట్టుకోను."

"సందెదీపం ఆపమంటావేటే? ఇంట్లో లక్ష్మి నిలవక్కర్లేదా? తడిచేత్తో ముట్టుకున్నావు, తప్పు నీది."

"నీళ్లల్లో ఎట్టిన సెయ్యి పొడిగా ఎలాగుంటాదమ్మా? ఈ సెయ్యి పడిపోతే రేపు నా బుట్టెవులెత్తుతారు? మీ లచ్చిందేవొచ్చి ఎత్తుతాదా?"

దాంతో పని పోయింది. గేటు దాటి పొమ్మన్నారు. దాటింది, కానీ పోలేదు. రోజూ సందెవేళకి ఖాళీబుట్టతో వచ్చి గేటు బయట నిలబడేది. కొత్తగా తవిటమ్మ పనిలో చేరితే వీధంతా వినపడేలా అరిచింది. "ఒసే తవిటీ, పిల్లలున్నదానివి. ఆ తొట్లో సెయ్యెట్టీకు, సచ్చిపోతావు." తవిటమ్మ మూడోనాడు రాలేదు. తరవాతొచ్చిన మనిషి గేటు దగ్గరే మాట విని తిరిగిపోయింది. సుభద్రమ్మగారు వసారాలోంచి తిట్టేవారు, మరిడమ్మ రోడ్డు మీంచి తిట్టేది. ఎవరూ తగ్గలేదు. నా ఓటు మాత్రం గేటు బయట మనిషికే. ఎవరి పిల్లనో నూతిలో తోసి లోతు చూసే బాపతు సుభద్రమ్మగారు.

పనిమనిషి లేక తొట్టి కంపుకొట్టడం మొదలెట్టింది. ఒకరోజు సందెవేళ, రాయగడ నుంచి పెద్ద వ్యాపారులు భోజనానికి వస్తున్నారని హాలంతా సర్దారు. సుభద్రమ్మగారు స్విచ్చి వేసి, దణ్ణం పెట్టి, కళ్లు తెరిచేసరికి ఒక చేప వెల్లకిలా తేలి ఉంది. బయట బండి ఆగిన చప్పుడైంది. ఇంట్లో ఇంకో ఆడమనిషి లేదు.

ఆవిడ గాజులు మోచేతి దాకా తోసుకుని చెక్క అంచు పట్టుకోబోయి ఆగారు. చేతివంక చూసుకున్నారు. తిన్నగా గోడ దగ్గరికి వెళ్లి స్విచ్చి ఆపేశారు. ఇంకే దీపమూ వెయ్యని హాల్లో మసకచీకటి కమ్మింది. అప్పుడు పెట్టారు నీళ్లలో చెయ్యి.

నేను చూశాను. తెరిచిన వీధితలుపులోంచి, గేటు దగ్గర మరిడమ్మా చూసింది.

"మీ సెయ్యయితే సందెదీపం ఆపీవొచ్చా అమ్మగోరూ?" అంది. అరవలేదు, అడిగిందంతే.

బండి దిగినవాళ్లు కూడా గేటు దగ్గరే ఆగిపోయారు. చచ్చిన చేప చేతిలో పట్టుకుని ఆవిడ ఆ చీకట్లో అలాగే నిలబడిపోయారు. నాకు జాలి కలగలేదు. తన చేతికున్న ప్రాణం ఇంకొకరి చేతికి ఉండదనుకునే మనిషి మీద నాకు ఇప్పటికీ జాలి కలగదు.