కలీం ఇంటికి నోటీసు

పుంగనూరు దాటాక మదనపల్లె రోడ్డు మీదుండే నల్లగుట్లపల్లెలో బిల్ కలెక్టర్ కలీం అంటే తెలియని గడప లేదు. ఇరవై ఏళ్లుగా పంచాయతీకి ఇంటిపన్ను వసూలు చేసేది అతనే. ఒకచోట కుదురుగా కూర్చునే మనిషి కాదు. టీ కూడా నిలబడే తాగుతాడు, గ్లాసు సగముండగానే బండి స్టార్ట్ చేస్తాడు. ఈ వానాకాలం మాత్రం ఆ తొందర అలవాటు వల్ల వచ్చింది కాదు. భయం వల్ల వచ్చింది.

ఆ భయం పేరు వయ్యారిభామ. ఆ దరిద్రపు కలుపుమొక్కకు అంత సింగారమైన పేరు పెట్టినవాళ్ల చేత ఒక ఎకరం పీకించాలి! ఊరి పక్క ఖాళీ ప్లాట్లలో మొదలై, బడిగోడ దాటి, కలీం పెరటిదాకా వచ్చింది. అది పూసిందంటే అతని భార్య సాజిదాకు ఊపిరాడదు. పోయినేడు రెండుసార్లు మదనపల్లె ఆసుపత్రికి మోసుకుపోయారు. పూత రాకముందే పీకించుకోండి, ఇంకోసారి ఇంత ముదిరితే నేను మాటివ్వలేనని డాక్టరు తెగేసి చెప్పాడు.

ఒక్క పెరడు పీకి ఏం లాభం? గాలి ఎవరి హద్దులూ చూసుకుని వీచదు. అందుకని కలీం సర్పంచి సరస్వతమ్మ వెంటబడి గ్రామసభలో తీర్మానం చేయించాడు. ఇంటిపన్నుతో పాటు కలుపు సెస్సు. పెద్ద ఇంటికి ఎక్కువ, చిన్న ఇంటికి తక్కువ, ఖాళీ ప్లాటుకు కొలతను బట్టి. ఆ డబ్బుతో కూలీలను పెట్టి ఊరంతా ఒకేసారి పీకించాలి. అందరూ చేతులెత్తారు. చెయ్యెత్తడానికి ఖర్చేముంది!

వసూలుకు పోతే తెలిసింది.

"మల్లప్ప కట్టినాడా? ఆయన కట్టినాక రా బాయ్" అంది మునెమ్మ.

"గడ్డి పుట్టిందే ఆ ప్లాట్లలో. ముందు ఆయప్పను కట్టమను. మేం యాల కట్టల్ల?" అన్నాడు మల్లప్ప.

ప్లాట్లన్నీ కుప్పంలో ఉండే కుప్పుస్వామివి. కలీం మర్నాడే బస్సెక్కి కుప్పం పోయాడు. కుప్పుస్వామి మర్యాదగా కాఫీ తెప్పించి, "మీ ఊర్లో ఎంతమంది కట్టినారు సార్?" అన్నాడు. కలీం రసీదు పుస్తకం తిరిగి సంచిలో పెట్టుకున్నాడు. "ఊరు కట్టనీండి, ఆ రోజే పంపిస్తాను" అన్నాడతను.

తిరుగు బస్సులో సీటు దొరికినా కలీం కూర్చోలేదు. పలమనేరు దాటాక వాన పట్టుకుంది. చినుకు పడ్డ ప్రతిచోటా మొక్క ఇంకో జానెడు లేస్తున్నట్టే అనిపించింది. ఇంటికొచ్చి చూస్తే పెరట్లో తెల్లటి మొగ్గలు, లోపల సాజిదా దగ్గు. అతనికి ఏడుపొచ్చింది. చెప్పులు విడవకుండానే మునెమ్మ ఇంటికి నడిచాడు.

"నీకు దండం పెడతానమ్మా. మల్లప్ప సంగతి ఇడిసిపెట్టు. అసలు ఎవరు కడితే నువ్వు కడతావో చెప్పు."

మునెమ్మ చేతిలోని చేట కింద పెట్టింది.

"నువ్వు."

"నాదెంతుండాది లేమ్మా..."

"అదే సెప్తాండా. నా రేకులింటికి నువ్వేసిన పన్నెంత? నీ మిద్దెకెంత?"

కలీం పన్నెండేళ్ల కిందట గుడిసె తీసేసి మిద్దె కట్టాడు. ఊళ్లో ప్రతి ఇంటినీ టేపు పెట్టి కొలిచినవాడు, తన వంతు వచ్చేసరికి పాత రిజిస్టరులోని 'పూరిల్లు' అన్న మాటనే ఏటేటా కొత్తదాంట్లోకి ఎక్కిస్తూ వచ్చాడు. మొదట వచ్చే ఏడు మారుద్దామనుకున్నాడు. తర్వాత, మారిస్తే ఇన్నాళ్లూ ఏం చేశావని అడుగుతారని ఊరుకున్నాడు. ఎవరూ కనిపెట్టలేదని ధీమా. మిద్దెను దాచడం ఎవరి తరం!

ఇప్పుడు మార్చి రాస్తే పాత బకాయి కట్టడం ఒక్కటే కాదు, ఉద్యోగం కూడా పోవచ్చు. రాయకపోతే ఊరు కదలదు. మొగ్గలు మాత్రం ఎవరి కోసమూ ఆగవు.

ఇంటికి తిరిగొచ్చి బండి పెట్టెలోంచి టేపు తీశాడు. మల్లప్పను ఇంట్లోంచి పిలుచుకొచ్చి, "ఈ కొస పట్టుకోప్పా" అన్నాడు. వెనకే వచ్చిన మునెమ్మ, పోగైన జనం చూస్తుండగానే మిద్దె నాలుగు పక్కలా కొలిచాడు. పన్నెండేళ్ల బకాయి కలిపి నోటీసు రాశాడు. ఇచ్చినవాడి చోటా తనే సంతకం, పుచ్చుకున్నవాడి చోటా తనే.

కబురు విని వచ్చిన సరస్వతమ్మ నోటీసు రెండుసార్లు చదివింది. "రిపోర్టు పైకి పంపాల్సిందేనప్పా. తప్పుగా అనుకోవద్దు."

"పంపండమ్మా."

ఎవరూ మెచ్చుకోలేదు. మల్లప్ప టేపు చుట్టి చేతికిస్తూ, "పన్నెండేండ్లా బాయ్!" అన్నాడు. లోపలి నుంచి దగ్గు ఆగకుండా వినబడుతూనే ఉంది.

మునెమ్మ ముందుకొచ్చి కొంగుముడి విప్పింది.

"ఇంద, రాసుకో. నీ మొగం సూసి కాదు. ఆ సాజిదా బిడ్డ దగ్గు ఇనలేక ఇస్తాండా. నీ మిద్దె సంగతి మేం మర్చిపోము."

కలీం రసీదు పుస్తకం తీసి ఆమె పేరు రాశాడు. ఆమె వెనకాల మల్లప్ప వరసలో నిలబడ్డాడు.