వలస మీద మాట్లాడదామని భావనపాడు వెళ్తే

తెల్లవాళ్ళు పోయినా వాళ్ళ పాలన మన బుర్రల్లోంచి పోలేదని కరపత్రాల్లో చదివి చదివి నాకు నిద్ర పట్టేది కాదు. మన యాసకీ మన పనికీ మనమే సిగ్గుపడటం ఆ గాయమేనని నమ్మాను. నలుగురూ కూర్చుని చెప్పుకుంటే కొంతైనా మానుతుందని, భావనపాడులో ఉన్న మిత్రుడితో కలిసి సభ పెట్టాను. కరపత్రం నేనే రాశాను: ‘వలస గాయాలు కలిసి మాన్పుకుందాం, రండి.’

జూలై చివరి ఆదివారం శృంగవరపుకోటలో తెల్లవారుజామున బస్సెక్కి, విజయనగరంలో పాసింజరు రైలు పట్టుకుని, నౌపడలో దిగేసరికి తొమ్మిదిన్నర. అంతవరకు వంద రూపాయలు దాటలేదు. అక్కణ్ణుంచి షేర్ ఆటోకి యాభై. దారి పొడుగునా ఉప్పుమళ్ళు. ఏ పార్టీ మీటింగని డ్రైవరు అడిగాడు. ఏ పార్టీదీ కాదని, ఊరొచ్చేదాకా వలసవాదం గురించి చెప్పాను. అంతా విని, “బోజనాలున్నాయా మరి?” అన్నాడు. ఉన్నాయన్నాను. “అయితే వస్తార్లే,” అని నాకు ధైర్యం చెప్పాడు.

సభ పెట్టిన తుఫాను షెల్టరు నిండిపోయింది. నేను ఈస్టిండియా కంపెనీ దగ్గర మొదలుపెట్టి పది నిమిషాలైనా కాలేదు, ముందు వరసలో కూర్చున్న ఎర్రమ్మ, చేపలమ్మే ఆవిడ, ఆపేసింది.

“ఆ కంపెనీ సంగతి తరవాత సూద్దుం గానీ బాబూ, వెరావల్ సంగతెప్పుడు సెప్తావు?”

మిత్రుడు చెవిలో ఊదాడు. ఈ ఊళ్ళో వలసంటే గుజరాత్‌లోని వెరావల్ రేవుకి పోయి బోట్ల మీద పని చెయ్యడం. ఆగస్టులో పోతే ఎనిమిది నెలలు ఇంటి మొహం చూడరు. జనం వచ్చింది అందుకు. నాకు ఒళ్ళు మండింది. వలసంటే అది కాదు, పరాయి పాలన అని గొంతు పెంచాను.

“పరాయోడి బోటెక్కి, పరాయోడు సెప్పినట్టల్లా సేస్తే, అదేటి పాలన?” అంది ఎర్రమ్మ.

ఆవిడ వెనక్కి తిరిగి గుమ్మం దగ్గరున్న భర్త దానయ్యని చూసింది. గురువారం అతని రైలు. “ఇంట్లో వలున్నాది. వలున్నోడికి వలసేటి?”

దానయ్య తుఫానులో తెప్ప పోయిందనీ, ఇంకొకరి తెప్పలో చోటడగడానికి సిగ్గేసిందనీ మెల్లగా చెప్పాడు. ఎర్రమ్మ అన్న లేచాడు.

“ఆ మాట నాతో అంటే అరిగిపోతావా బావా? రేపొచ్చి మా తెప్పెక్కు.”

“రేపు కాదు, ఎల్లుండి,” అన్నాడు దానయ్య. “రేపు వల బాగుసేసుకోవాల.”

ఆ తర్వాత నేను మైకు ముట్టుకోలేదు. రెండింటికి చేపల పులుసుతో భోజనాలు పెట్టేదాకా వాళ్ళే మాట్లాడారు. కొందరు ఏడ్చారు, కొందరు వెరావల్ సేట్లని అనుకరించి నవ్వించారు.

తెల్లవాడి మీద నా కోపం ఇప్పటికీ తగ్గలేదు, తగ్గించుకోను కూడా. కానీ సిగ్గు గురించి సంచీ నిండా కాగితాలు మోసుకెళ్ళినవాణ్ణి, ఒక మనిషి తన సిగ్గుని పదిమందిలో విప్పి కింద పెట్టడం ఆ రోజే చూశాను. వినేవాళ్ళుంటే చాలునేమో, గాయం దానంతటదే నోరు తెరుస్తుంది.

ఇలాంటి సభ పెట్టాలనుకునేవాళ్ళకి ఒక్క మాట: ఈ తీరానికి జూలై దాటకముందే వెళ్ళండి. ఆగస్టొస్తే ఊళ్ళో మగాళ్ళుండరు. ఈ ఏడాది దానయ్య ఉంటాడు.