కుంకుడు రసంలో కాలిఫోర్నియా

దేశంకాని దేశంలో, పాయింట్ కుక్ అనే ఊళ్ళో మా అక్కావాళ్ళింట్లో నేనుంటున్న రోజుల్లో, ఆ ఇంట్లో అందరికంటే ఎక్కువ మర్యాద అందుకున్నది ఒక నాణెం. కాలిఫోర్నియాలో బంగారం బయటపడిన కొత్తల్లో అక్కడ సర్కారు టంకశాల లేక, ప్రైవేటు వాళ్ళే సొంతంగా బంగారు నాణేలు అచ్చువేసుకున్నారట. అలాంటిదొకటి వేలంలో, పాత నాణేలు పోగేసే మా బావ చేతికొచ్చింది. దాన్ని ముట్టుకోవాలంటే గ్లవ్స్ వేసుకోవాలి. దాని దగ్గర తుమ్మకూడదు. నాకు మాత్రం ఆ ఇంట్లో గ్లవ్స్ ఇచ్చింది గిన్నెలు తోమడానికే.

ఓసారి దానిమీద ఆ మురికేంటని అడిగాను. అది మురికి కాదు, వయసు అన్నాడు బావ. ఆ నలుపు పోతే నాణేలు పోగేసేవాళ్ళ లెక్కలో అది చచ్చినట్టేనట. ఆ శనివారం కాయిన్ క్లబ్బులో మొదటిసారి దాన్ని నలుగురికీ చూపించబోతున్నాడు. వారం నుంచీ అద్దం ముందు ప్రాక్టీసు.

శుక్రవారం వరలక్ష్మీ వ్రతం. ఇంట్లో ఉన్న బంగారం అమ్మవారి ముందు పెట్టాలి కదా అని, బావే డబ్బాతో సహా నాణేన్ని పీట పక్కన పెట్టి స్నానానికెళ్ళాడు. విజిటర్ వీసా మీద వచ్చిన వాళ్ళమ్మగారు నగలన్నీ కడుగుతున్నారు. నేను కాఫీకని వంటింట్లోకి వెళ్ళేసరికి గిన్నెలో కుంకుడు నురగ, ఆవిడ చేతిలో పాత టూత్‌బ్రష్, బ్రష్ కింద కాలిఫోర్నియా.

"అత్తయ్యగారూ," అన్నాను. అప్పటికే అది తళతళలాడుతోంది.

ఇంత జిడ్డెక్కించాడేంటి బాబూ, మావాడికి చిన్నప్పట్నుంచీ శుభ్రం తక్కువే అన్నారావిడ.

బావ తల తుడుచుకుంటూ వచ్చి చూశాడు. ఇంటర్నెట్ కంపెనీతో గంటసేపు పోట్లాడగల మనిషి, తల మళ్ళీ మొదట్నుంచీ తుడుచుకోవడం మొదలెట్టాడు.

"అమ్మవారికి పెట్టేది అలాగే పెడతారట్రా? ఇప్పుడు చూడు," అంటూ ఆవిడ కొంగుతో ఇంకోసారి గట్టిగా రుద్ది అతని అరచేతిలో పెట్టారు.

బావ నావైపు చూశాడు. నేను కాఫీవైపు చూశాను.

"బాగుందమ్మా," అన్నాడు.

హారతి కళ్ళకద్దుకున్నప్పుడు చేతులు చాలాసేపు తీయలేదు. కర్పూరం పొగన్నాడు. శనివారం పొద్దున క్లబ్బుకి ఫోన్ చేసి ఒంట్లో బాలేదని చెప్పాడు. ఆ మొహం చూసిన వాడెవడూ అబద్ధమనడు.

"మళ్ళీ నలుపు పట్టించలేమా బావా?"

"పట్టించొచ్చు. మనవలకి మనవలు పుట్టేదాకా ఆగాలి."

లోపల్నుంచి వాళ్ళమ్మగారు, ఇంకేమైనా కడగాల్సినవి ఉన్నాయా అని అడిగారు. లేవన్నాడు బావ. మిగతా నాణేలన్నీ అప్పటికే నా కారు డిక్కీలో ఉన్నాయి.