ఆదివారం నేను వికెట్ల వెనకే

గుంటూరులో చదివే రోజుల్లో యూనివర్సిటీ మహిళల క్రికెట్ జట్టుకు నేను వికెట్ కీపర్ని. లా పూర్తిచేసి విజయవాడలో ఒక సీనియర్ దగ్గర చేరిన మొదటి వారమే ఆయన, "కోర్టుకొచ్చే ఆడపిల్ల గ్రౌండులో దూకుతుంటే క్లయింట్లు ఏమనుకుంటారమ్మా?" అన్నారు. భయపడ్డాను. గ్లవ్స్ జూనియర్ అమ్మాయికి ఇచ్చేశాను. ఆ తర్వాత టీవీలో మ్యాచ్ వస్తుంటే లేచి వంటింట్లోకి వెళ్ళిపోయేదాన్ని.

పెళ్ళయి కెనడాలోని హాలిఫాక్స్ వచ్చాక లాయరుగా మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టాల్సి వచ్చింది. ఇక్కడి పరీక్షలు రాయాలి, ఆపైన ఒక లాయరు దగ్గర ఏడాది శిక్షణ చేయాలి. దాన్ని ఆర్టిక్లింగ్ అంటారు. లైబ్రరీనుంచి తిరిగొస్తూ ఒక ఆదివారం బస్సు కిటికీలోంచి తెల్లబట్టల్లో ఆడుతున్నవాళ్ళను చూశాను. తర్వాతి స్టాపులో దిగి వెనక్కి నడిచాను.

కెప్టెన్ మన తెలుగువాడే. రిటైరైన డాక్టరు గారు, నెల్లూరు వైపు మనిషి. అందరికీ అంకుల్.

"రా అమ్మా, స్కోరు రాస్తావా? రాసేవాళ్ళు లేక చస్తున్నాం."

"రాయను అంకుల్. కీపింగ్ చేస్తాను."

పక్కనున్న కుర్రాళ్ళు నవ్వారు. అంకుల్ నవ్వలేదు గానీ ఇబ్బంది పడ్డారు. "వీళ్ళు ఫాస్ట్‌గా వేస్తారమ్మా. దెబ్బ తగిల్తే మీ ఆయనకు నేను ఆన్సర్ చెప్పాలి."

"నా దెబ్బకు నేనే చెప్పుకుంటాను."

వాళ్ళ కీపర్‌కి మోకాలి నొప్పి ఉండబట్టి సరిపోయింది, లేకపోతే ఎంత వాదించినా గ్లవ్స్ ఇచ్చేవారు కాదు. మీడియం పేసర్‌కి కూడా వెనక్కి వెళ్ళకుండా స్టంప్స్ దగ్గరే నిలబడ్డాను. బ్యాట్స్‌మన్ ముందుకొచ్చి ఆడి బంతి మిస్సయ్యాడు. కాలు క్రీజు దాటి ఉంది. బెయిల్స్ లేపి అరిచిన అరుపు నా గొంతులోంచి వచ్చిందని నాకే ఒక క్షణం తెలియలేదు. అంపైర్ వేలెత్తాడు. నవ్వినవాళ్ళే పరుగెత్తుకొచ్చి చేయి చాచారు.

ఆ వేసవంతా ఆడాను. పరీక్షలన్నీ పాసయ్యాను. ఊళ్ళో పేరున్న ఒక లా ఆఫీసునుంచి ఆర్టిక్లింగ్ ఇంటర్వ్యూకి పిలుపు వచ్చింది. దాని ముందురోజు మ్యాచ్‌లో బంతి బ్యాట్ అంచుకు తగిలి, దిశ మారి, నేరుగా నా కుడి ఉంగరపు వేలి కొసకు వచ్చి కొట్టింది. ఎముక విరిగింది.

"రీషెడ్యూల్ చేయమని మెయిల్ పెట్టు," అన్నాడు మా ఆయన, ఎమర్జెన్సీ వార్డు బయట.

"నోరు బాగానే ఉందిగా. వెళ్తాను."

"పోనీ మెట్లమీద పడ్డానని చెప్పు."

నేను ఎడమ చేత్తో బ్యాగు తీసుకుని బయటికి నడిచాను.

ఇంటర్వ్యూ బాగానే సాగింది. చివర్లో ఆ పెద్ద లాయరు నా కట్టు వైపు చూసి ఏమైందని అడిగారు. చెప్పాను. ఆయన మర్యాదగా నవ్వి, "మా దగ్గర ఆర్టికల్ చేసేవాళ్ళకి వీకెండ్లు ఉండవు. ఇలాంటివి పక్కన పెట్టగలరు కదా?" అన్నారు.

ఆ ప్రశ్నకు ఏ జవాబు కావాలో నాకు బాగా తెలుసు. విజయవాడలో ఒకసారి ఆ జవాబు చెప్పి చూశాను.

"శనివారాలు చేస్తాను, రాత్రిళ్ళు చేస్తాను. వేసవిలో ఆదివారం మాత్రం నేను వికెట్ల వెనక ఉంటాను."

ఉద్యోగం రాలేదు. అమ్మ ఫోనులో, "ఒక్క అబద్ధం ఆడితే ఏం పోయేదే?" అని ఏడ్చింది. అంకుల్ కూడా, "ముందు చేరిపోయి తర్వాత చెప్పాల్సింది కదమ్మా," అన్నారు. ఎవరి బాధ వాళ్ళది. చలికాలమంతా ఒక ఫార్మసీ కౌంటర్లో నిలబడి పనిచేశాను. అప్లై చేసిన చోటల్లా సారీ అన్నారు. కొన్ని రాత్రులు నామీద నాకే కోపం వచ్చేది. తెల్లారాక మాత్రం ఆ జవాబు మార్చుకోవాలని అనిపించేది కాదు.

మంచు కరిగే రోజుల్లో హార్బర్ అవతలి ఒడ్డున ఒక లాయరమ్మ పిలిచింది. ఒక్కతే ప్రాక్టీసు చేస్తుంది. అద్దె గొడవలు, కూలి ఎగ్గొట్టిన కేసులు. ఫెర్రీ దిగి వెళ్ళాను. వంకరగా అతుక్కున్న వేలు చూసి అడిగింది. ఈసారి ఆమె అడక్కముందే ఆదివారం సంగతి కూడా చెప్పేశాను.

"మీ జట్టు గెలుస్తుందా?"

"ఎక్కువగా ఓడిపోతాం."

"మరి డబ్బులూ రాక, గెలుపూ లేక, ఎందుకు ఆడుతున్నట్టు?"

"నాకిష్టం కాబట్టి."

"నా క్లయింట్లు కూడా ఎక్కువగా ఓడిపోయేవాళ్ళే," అంది. "సోమవారం రా."

ఏడాది తర్వాత ప్రమాణం చేసి లాయరునయ్యాను. ఇప్పటికీ ఆమెతోనే పనిచేస్తున్నాను. నిరుడు అంకుల్ ఆట మానేస్తూ నన్ను కెప్టెన్ చేయమన్నారు. కొత్తగా చేరిన ఇద్దరు ముగ్గురు గొణిగారు. ఒకాయనైతే నా మొదటి మ్యాచ్ రోజునే లేడీ కెప్టెన్ కింద ఆడలేనని కిట్ సర్దుకుని వెళ్ళిపోయాడు. వెళ్ళనిచ్చాను. ఒక మనిషి తక్కువతోనే టాస్‌కి నడిచి, గెలిచి, ఫీల్డింగ్ తీసుకుని వికెట్ల వెనక్కి వెళ్ళాను.