జొన్నల గుమ్మి మీద ముసలమ్మ

కొన్నేళ్లుగా ఒక ముసలమ్మ గొంతు నా గొంతులో అడ్డం పడి ఉంది. మింగలేను, కక్కలేను. ఇవాళ కక్కేస్తాను. మీరెవరో నాకు తెలియదు. అదే మంచిది. తెలిసినవాళ్లకు చెప్పే ధైర్యమే ఉంటే ఇన్నాళ్లు మోసేవాణ్ణే కాదు.

ముందు నా సంగతి. ఖతార్‌లో ఒక కట్టడాల కంపెనీ స్టోర్‌లో మేకులు, బోల్టులు ఇవ్వడం నా డ్యూటీ. మనుషుల్ని నవ్వించడం మాత్రం నా అసలు పని అనుకునేవాణ్ణి. ఉన్నది ఉన్నట్టు చెప్పడం నాకు పుట్టుకతోనే చేతకాదు. మెస్‌లో పప్పు పలచగా ఉంటే అందులో ఒంటెలు ఈదుతున్నాయంటాను. అల్ వుకైర్ సైట్‌లో ఎండ ఎలా ఉందని అడిగితే, నా నీడ నన్ను వదిలేసి ఏసీ గదిలోకి పారిపోయిందంటాను. గొంతులు మార్చడం కూడా వచ్చు. ఫోర్‌మన్ గొంతు పెడితే నిజం ఫోర్‌మనే ఉలిక్కిపడి హెల్మెట్ వెతుక్కునేవాడు.

"అన్నా, నీ నోట్ల ఏం పడ్డా ఏనుగైతదే!" అని గదిలో మా జగిత్యాల తమ్ముళ్లు పొట్టలు పట్టుకునేవాళ్లు. ఆ మాటకు నేను అమ్ముడుపోయాను. ఎంత చవగ్గానో అప్పుడు తెలియలేదు.

మా స్టోర్‌లో ఫోర్క్‌లిఫ్ట్ నడిపేవాడు ఇద్రీస్. వాళ్ల దేశం పేరు రాయను. ఆ దేశాన్ని ఏలే మనిషి పేరు అసలే రాయను. ఆ పేరు ఎత్తాలంటే ఇక్కడ దోహాలో చాయ్ తాగుతూ కూడా వాళ్లు ముందు వెనక్కి తిరిగి చూసుకుంటారు. అక్కడ ఎందరు మాయమయ్యారో లెక్క అడిగినవాళ్లు కూడా మాయమయ్యారట. ఆయన తండ్రి ఒట్టి చేతులతో సింహాన్ని చంపిన వీరుడని, తల్లిది పుణ్యపురుషుల వంశమని అక్కడి బడి పుస్తకాల్లో ఉంటుందట. అది విన్నప్పుడు నాకు అసూయ పుట్టింది. నాకంటే పెంచి చెప్పేవాళ్లకు అక్కడ సర్కారు జీతం ఇస్తోంది!

ఒక శుక్రవారం నజ్మాలో చాయ్ దుకాణం బయట కూర్చున్నప్పుడు ఇద్రీస్ అసలు సంగతి చెప్పాడు. ఆ మహా ఏలిక పెరిగింది ఇద్రీస్ వాళ్ల పక్కింట్లో. తండ్రి కసాయి కొట్టులో కూలి, తాగుబోతు. తల్లి ఊళ్లోవాళ్ల ధాన్యం చెరిగి బతికేది. తండ్రి బెల్టు విప్పినప్పుడల్లా ఆ పిల్లాడు గోడ దూకి ఇద్రీస్ నాయనమ్మ దగ్గరికి పరుగెత్తేవాడు. ఆమె వాణ్ణి జొన్నల గుమ్మిలోకి దించి, మూత వేసి, మూత మీద కూర్చుని పల్లీలు ఒలిచేది. మా వైపు ధాన్యం దాచే గుమ్మి వెదురుది, వాళ్లది మట్టిది. తండ్రి ఊగుతూ వచ్చి పిల్లాడేడని అరిస్తే, "ఇటు ఎవరూ రాలేదు" అంటూ పల్లీల పొట్టు అతని కాళ్ల మీదే రాల్చేది. ఆమె కింద, చీకట్లో, పిల్లాడు భయంతో ఒంటికి పోసుకునేవాడు. మర్నాడు ఆమె ఆ జొన్నలు కడిగి, ఎండబెట్టి, గుట్టుగా తిరగలిలో విసిరేది. ఇంటిల్లిపాదీ ఆ రొట్టెలే తిన్నారు. చనిపోయే ముందు మాత్రం మనవళ్లకు చెప్పిందట.

ఇద్రీస్ ఇది నవ్వుతూ చెప్పలేదు. ఆ పిల్లాణ్ణి తలుచుకుంటే జాలేస్తుందన్నాడు. తన అన్న ఇప్పటికీ ఆ ఇంట్లోనే ఉంటున్నాడని, గుమ్మి కూడా అలాగే ఉందని అన్నాడు. ఖతార్‌లో అతను కాక ఈ ముచ్చట తెలిసింది ఇద్దరికే: నాకు, యూనుస్‌కు. యూనుస్ అతని చిన్నాన్న కొడుకు. ఇద్దరిదీ ఒకే గది.

నేనేం చేశానో మీరు ఊహించే ఉంటారు.

ముసలమ్మ గొంతు పెట్టాను. అన్ని దేశాలవాళ్లకూ అర్థమయ్యే సైటు హిందీలో, ఆ ఏలిక పేరు చెప్పకుండా, ఫోన్‌లో వాయిస్ రికార్డు చేసి క్యాంప్ గ్రూపులోకి వదిలాను. గ్రూపులోకి కూడా నా నంబరు నుంచి కాదు, ఎవరో పారేసిన పాత సిమ్ నుంచి. ఎవరి గొంతో కనుక్కోలేక అందరూ జుట్టు పీక్కోవాలని నా సరదా. సింహాన్ని పిల్లిని చేశాను. ఆ పిల్లి కూడా తండ్రి దెబ్బకు కాదు, నోటి కంపుకు చచ్చిందన్నాను. ఆయన మీసాలు మోయడానికి ఇద్దరు కూలీల్ని పెట్టాను. అన్నీ పెంచాను. జొన్నల సంగతి ఒక్కటే పెంచలేదు. దానికి నా అవసరం లేకపోయింది.

ఎందుకు పెంచలేదు? ఇన్నేళ్లుగా నన్ను నేను అడుగుతున్నది ఇదే. గుమ్మిని బావి చేసి, జొన్నల్ని ఉప్పు చేసి, ముసలమ్మను ముసలాయన్ని చేసి ఉంటే ఎవరికీ ఏమీ తెలిసేది కాదు కదా? బతుకంతా అబద్ధాలకు గాలి కొట్టినవాణ్ణి, ఆ ఒక్క చోట మాత్రం నిజాన్ని ముట్టుకోకుండా ఎందుకు వదిలాను?

ఏషియన్ టౌన్‌లో క్రికెట్ చూస్తున్నవాళ్ల ఫోన్లలో నా ముసలమ్మ వినిపించినప్పుడు పొంగిపోయాను. తర్వాత అది ఇద్రీస్ దేశం వాళ్ల చేతుల్లో పడింది. అక్కడినుంచి వాళ్ల ఊరికి చేరింది. పక్కింటి ముసలమ్మ, జొన్నల గుమ్మి అంటే ఆ ఊళ్లో ఒకే ఇల్లు. సర్కారు జీపు వచ్చింది. గుమ్మిని గడ్డపారలతో పగలగొట్టారు. ఇద్రీస్ అన్నను ఎక్కించుకుపోయారు. ఆయన ఇంతవరకు తిరిగి రాలేదు. ఇందులో నేను పెంచింది ఏమీ లేదు.

కబురు తెలిసిన మధ్యాహ్నం ఇద్రీస్ స్టోర్‌కు వచ్చాడు. ఫోన్ కౌంటర్ మీద పెట్టి నొక్కాడు. నా ముసలమ్మ గలగలా మాట్లాడింది.

"భాయ్, నువ్వు అందరి గొంతులూ పట్టేస్తావు. ఇదెవడిదో చెప్పు."

"ఇంకోసారి పెట్టు" అన్నాను. పెట్టాడు. కళ్లు మూసుకుని, తల ఊపుతూ, నా గొంతు నేనే శ్రద్ధగా విన్నాను.

"మా తెలుగోడు కాదు" అన్నాను.

"మరి?"

"మీ యాస తగులుతోంది. మీవాడే ఎవడో."

ఇద్రీస్ ఫోన్ ఆపి జేబులో పెట్టుకున్నాడు. "నేను ఇద్దరికే చెప్పాను భాయ్. నీకు. వాడికి."

"వల్లా, ఒట్టేసి చెబుతున్నా, నేనైతే ముసలమ్మను ఇంత చెత్తగా చేస్తానా?"

అతను నవ్వాడు. అన్నను పట్టుకుపోయారని తెలిసిన రోజున కూడా, నా మాటకు నవ్వాడు. నమ్మాడు కాబట్టి నవ్వాడు.

నోరు జారితే తప్పు. అంతవరకు ఏదో ఒక సాకు దొరికేది. కానీ కౌంటర్ దగ్గర నాకు ఆలోచించుకునే టైం ఉంది. ఇంకోసారి పెట్టమన్నది నేనే. ఆ రెండోసారి వింటున్నంతసేపు నేను ఎవరి నెత్తిన వేయాలా అని వెతికాను, దొరికింది, వేశాను.

యూనుస్ ఖురాన్ మీద ఒట్టు వేస్తానన్నాడట. ఇద్రీస్ వినలేదు. వాళ్ల దేశం వాళ్లెవరూ యూనుస్‌తో కంచం కలపడం మానేశారు. అతను వేరే క్యాంప్‌కు మారిపోయాడు. ఒకసారి నజ్మాలో నా చెయ్యి పట్టుకుని, "నువ్వు వాడికి దోస్తువి భాయ్. నా తరఫున ఒక్క మాట చెప్పవా?" అని అడిగాడు. చెబుతానన్నాను. చెప్పలేదు.

దేనికి భయపడ్డాను? ఉద్యోగానికా? కాదు. ఇద్రీస్ కొడతాడనా? కొడితే బాగుండేది. నా మాటలకు ఇక ఎవరూ నవ్వరేమోనని. ఇంత చిన్న భయం. దీన్ని పెంచి చెప్పడానికి కూడా నాకు వీలు కావడం లేదు. ఆ పిల్లాడు బెల్టు దెబ్బలకు దాక్కున్నాడు. నాకు ఆ పాటి కారణం కూడా లేదు. నేను దాక్కుని, నా మూత మీద యూనుస్‌ను కూర్చోబెట్టాను.

ఇప్పటికీ శుక్రవారం ఇద్రీస్‌తోనే చాయ్ తాగుతాను. ఏదైనా చెప్పి నవ్వించమంటాడు. నవ్విస్తాను. ఆ ముసలమ్మ గొంతు మాత్రం మళ్లీ పెట్టలేదు.

ఈ మాటలు అతనికి చెప్పకుండా మీకెందుకు చెబుతున్నానని అడుగుతారు. ఇద్రీస్‌కు తెలుగు చదవడం రాదు. అందుకే తెలుగులో రాస్తున్నాను. ఇదీ పిరికితనమే, తెలుసు. అయినా రాశాక గొంతులోకి కాస్త గాలి వెళుతోంది. అంతకు మించి నాకేమీ దక్కకూడదు.

ఇద్రీస్, ఎవరిదని అడిగావు కదా. నాది.