ఎర్ర కాగితాల సాలు

పొద్దున ఎనిమిది దాటింది. మబ్బు పట్టింది కానీ చినుకు లేదు, ఒకటే ఉక్క. ఆకలికి కడుపు మండుతోంది. సద్ది గట్టు మీదే ఉంది. సీడు పత్తి చేలో క్రాసింగ్, అంటే ఆడ పువ్వుకు మగ పువ్వు పుప్పొడి రుద్దడం, అయ్యేదాకా ఎవరూ సద్ది విప్పరు. పొద్దెక్కితే మగ పువ్వు వాడిపోతుంది, ఆ రోజు పని పోయినట్టే.

పోయినేడు అలాంటి పూటే మల్దకల్ దగ్గర మా చేనుకి జితేందర్ అనే కుర్రాడు వచ్చాడు. హైదరాబాద్ నుంచి సినిమా తీయడానికి వచ్చానన్నాడు. మొఖాలు వెతుకుతున్నాడట. సాయంత్రం దాకా గట్టు మీద కూర్చుని జోగులమ్మ వదిననే చూశాడు.

ఆమెది మా వాడే, వరసకు వదిన. మొగుడు పోయి పదేళ్ళు. మర్నాడు విచ్చే మొగ్గలను మేం ముందు రోజు మధ్యాహ్నమే రేకులు, లోపలి పుప్పొడి తీసి ఒలిచి, ఆనవాలుకు ఎర్ర కాగితం తొడుగుతాం. మేమంతా ఒక్కో మొగ్గ వంచి, వేలితో ఒత్తి చూస్తాం. ఆమె చూసీ చూడకుండానే, "ఇది రేపు, ఇది ఎల్లుండి" అనుకుంటూ సాగిపోతుంది.

"ఎట్ల తెలుస్తదమ్మా?" అన్నాడు జితేందర్.

"ఇరవై ఏండ్లు వంగి జూడు బిడ్డా, నీకూ తెలుస్తది."

ఆమెనే పెట్టి సినిమా తీశాడు. కథ ఏమిటంటే, డాక్టర్లు ఒక కూలి ఆమెను మిషన్ కింద కూర్చోబెట్టి మందు పట్టిస్తారు. దాంతో ఎదుటివాళ్ళ మనసులో మాట ఆమెకు తెలిసిపోతుంది. ఆమె కోపంగా ఎవరి పేరు పలికితే వాళ్ళు ముక్కులోంచి నెత్తురు కారి చచ్చిపోతారు. మూతపడ్డ పత్తి మిల్లులో నాలుగు రోజులు తీశారు. మిషన్ అంటే బోర్లించిన స్టీలు గిన్నె, దాని చుట్టూ వినాయక చవితి లైట్లు. చచ్చేవాడి కాలర్ కింద సెలైన్ పైపు పెట్టి, వెనక నక్కి ఎర్ర నీళ్ళ సంచి ఒత్తింది నేనే.

"ఏదన్న ఒక పేరు పిలువమ్మా" అన్నాడు జితేందర్.

కెమెరా పక్కన మా అన్న బక్కయ్య పళ్ళికిలించి నిలబడి ఉన్నాడు. ఆమె నోటికి ఆ పేరే వచ్చింది. "బక్కయ్యా!" అని ఉరిమింది.

ఈ ఏడు క్రాసింగ్ మొదలయ్యాక ఆ సినిమా ఫోన్లోకి వచ్చింది. సద్ది వేళ అందరం ఒకే ఫోన్ చుట్టూ చేరి చూశాం.

"నన్ను సంపితివి గదనే వదినా! దినాలకు కోడన్న కోస్తవా?" అన్నాడు అన్న.

"నీ పానం గంత అల్కగ పోతదా? యముడే ఎనక్కి తోల్తడు పో."

అందరం నవ్వాం. మూడో రోజు సాలు మధ్యలో అన్న కూలిపోయాడు. ముక్కులోంచి నెత్తురు. గద్వాల దవాఖానకు నేనే తీసుకుపోయాను. "బీపీ బిళ్ళలు ఎందుకు ఆపిండు?" అని డాక్టర్ నన్ను అడిగాడు. బిళ్ళ వేసుకుంటే మైకం వస్తోందని అన్న అంటే, "క్రాసింగ్ అయ్యేదాంక ఆపరాదే, ఏమైతది" అన్నది నేనే. ఆ మాట అన్నప్పుడు పక్క సాలులో ఉండి విన్నది జోగులమ్మ వదిన.

అన్నకు కుడి చెయ్యి, మాట రెండూ పడిపోయాయి.

"సినిమాల పేరు వెట్టి పిలిసింది. గదే పట్టుకున్నది" అంది నాగేంద్రమ్మ, మా అన్న పెళ్ళాం. రెండు రోజుల్లో వదిన కడవలో నీళ్ళు ముట్టడం అందరూ మానేశారు. ఆమె పక్క సాలు ఎవరూ పట్టలేదు. వారం తిరిగేసరికి కూలీల మేస్త్రీ వెంకటన్న తన వాకిట్లో అందరినీ కూర్చోబెట్టాడు.

"నిన్ను వద్దంటలేను జోగులమ్మా. ఆడోళ్ళు భయపడ్తున్నరు. నేనేం జెయ్యాలె?"

ఆమె నా వైపు తిరిగింది. "మాసయ్యా, ఆ సినిమాల రగతం ఒత్తింది నువ్వే గదా. జర చెప్పరాదు."

చెప్పాను. పైపు సంగతి, ఎర్ర నీళ్ళ సంగతి అన్నీ చెప్పాను.

"అది రంగు నీళ్ళే. మరి నీ అన్నకు కారిందేంది? డాక్టర్ ఏమన్నడు?" అన్నాడు వెంకటన్న.

నాగేంద్రమ్మ నన్నే చూస్తోంది. చిన్నపిల్లాడికి తినిపించినట్టు రోజూ మూడు పూటలా అన్నకు ముద్దలు పెట్టేది ఆమే.

"ఏమో. తెల్వదు" అన్నాను.

వదిన నన్ను చూసింది. ఒక్క మాట అంటే చాలు, నా మొఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలిసేది కాదు. ఆమె అనలేదు. చీర కొంగు దులుపుకుని లేచిపోయింది. ఆ మధ్యాహ్నం కూడా పనికి వచ్చింది. చివరి సాలు ఒక్కతే పట్టి, పొద్దుగూకేదాకా మొగ్గలు ఒలిచింది.

తెల్లారి ఆమె తలుపుకు తాళం ఉంది. ఎవరికీ చెప్పలేదు. వనపర్తి బస్సు ఎక్కుతుంటే చూశామన్నారు.

చేలో చివరి సాలంతా ఎర్ర కాగితాలు. ఎవరూ అటు అడుగు పెట్టలేదు. పొద్దెక్కుతోంది. సద్ది గట్టు మీదే వదిలి, మగ పూలు గంపలో వేసుకుని నేనొక్కడినే ఆ సాలులోకి పోయాను. ఒక్కో కాగితం తీసి పుప్పొడి రుద్దుకుంటూ పోయాను. ఆమె ఒలిచిన వాటిలో రేపటి మొగ్గ గానీ, ఎల్లుండి మొగ్గ గానీ ఒక్కటీ లేదు.