మడలో దిగినవాళ్ళూ, తెగిన వలా

మడ బురదలో నడుముల దాకా కూరుకుపోయిన ముగ్గురు మగవాళ్ళను ఒంటి చేత్తో పైకి లాగినవాణ్ణి నేను. రెండో చెయ్యి ఖాళీగా లేదు, దాంతో పంచె పట్టుకొని ఉన్నాను. డెబ్బై దాటినవాణ్ణి, అంతకన్నా ఏం చేయగలను?

ఆ ముగ్గురూ నెల్లూరు టౌన్ నుంచి ఆదివారం పూట ప్రకృతిలో నడవడానికి వచ్చినవాళ్ళు. పొలం గట్టు మీద నడిస్తే ప్రకృతి కాదట, దారి లేని చోటే నడవాలట. వీపు సంచీలోంచి నోటి దాకా నీళ్ళ గొట్టం, చేతిలో మడతపడే కర్ర, కాళ్ళకు ఇటుకలంత బూట్లు. వెంకటాచలం ఊరి పక్కన వరి పండించుకొనే నేనూ ఆ రోజు ఆ చుట్టుపక్కలే ఉన్నాను.

తోటపల్లి గూడూరు వైపు తీరం వెంట నడిచి నడిచి, అడ్డమొచ్చిన మడ అడవిలో దిగారు. నడుమ ఒక కాలువ. పాదం మునిగేటన్ని నీళ్ళు. "కాలవన్నాక నీళ్ళు పైనుంచి రావాల. పైన మబ్బు తునక లేదు, నింపాదిగా దాటండి" అని వాళ్ళకెవడో చెప్పాడట. మడ కాలువకు నీళ్ళు సముద్రం వైపు నుంచి వస్తాయి, పోటు వేళకు. ఆపాటి ఎరగని గాడిద ఎవడో గానీ, వాడి మాట నమ్మి నడిమధ్యకు పోయారు. బురద కాళ్ళు పట్టుకుంది, పోటు మొదలైంది. ఒకడైతే ఊడిపోయిన బూటు కోసం ఏడ్చాడు. ఖరీదైందట. వాళ్ళ అదృష్టం, ఫోనుకు సిగ్నల్ ఉంది, కబురు ఒడ్డున పల్లెకు చేరింది.

అక్కడి జాలరి పల్లెల్లో ఒక కట్టుబాటు ఉంది. నీళ్ళలో మనిషి చిక్కాడని తెలిస్తే ఎవరూ వేట సాగించకూడదు. మనిషో శవమో దొరికేదాకా అన్ని పడవలూ వెతకాలి. అందుకు కూలి అడగకూడదు. ఆ రోజు మడకు దగ్గర్లో ఉన్న పడవవాడు అప్పుడే వల వేసి ఉన్నాడు. లాగి ఎక్కించే వ్యవధి లేక, కత్తితో తాడు కోసేసి వచ్చాడు. ఏటా రెండు నెలలుండే చేపల వేట నిషేధం అప్పుడే తీరింది, అతనికున్న వల అదొక్కటే. సాయంత్రానికి అది ఒడ్డుకు కొట్టుకొచ్చింది, పీలికలుగా.

వలలు కుట్టుకొనే పాక కింద ఊరి పెద్దలు కూర్చున్నారు. బురద ఇంకా ఆరని షికారువాళ్ళను ఎదురుగా కూర్చోబెట్టారు.

"పొట్టకూటికి పోయి చిక్కినోడికి గదా కట్టుబాటు? షికారుకొచ్చినోడికేంది?" అన్నాడొకడు.

"డబ్బులడిగితే రేపొకడు బిల్లుకి భయపడి ఫోనే చెయ్యడు. అట్నే సస్తాడు" అన్నాడు ఊరి పెద్ద.

"సావనీండి" అన్నాను నేను, గట్టిగా. "సచ్చేదానికి వచ్చినోళ్ళని ఆపేదానికి మనమెవరం? బతికినోళ్ళ దగ్గర మాత్రం ముక్కు పిండి వసూలు చెయ్యండి. బూట్లు గూడా ఇప్పించండి."

పాకంతా నవ్వులు. బూటు పోయినవాడు మిగిలిన ఒక్క బూటునూ నిజంగానే విప్పుతుంటే నవ్వు ఇంకా పెరిగింది. వాడు నా వంక చూసిన చూపు మాత్రం బాగాలేదు.

వల పోయినవాడి భార్య ఒక్కతే నవ్వలేదు. "ప్రాణాలకి నాకేం ఇయ్యొద్దు. నా వల నాకు కావాల. బురదలోంచి పడవెక్కినోళ్ళందరూ సమంగా పంచుకొని కట్టండి" అంది. ఊరి పెద్ద అదే తీర్పన్నాడు. షికారువాళ్ళు ఆ వారంలోనే డబ్బు పంపారు.

ఇంతవరకూ రాశాక ఒక మాట ఒప్పుకోవాలి. ఒంటి చేత్తో అన్నది కాస్త ఎక్కువే. రెండు చేతులూ వాడాను. అసలు లాగింది పడవవాళ్ళు. నేను తాడు పట్టుకున్నాను, అంతే. అదీ పనే కదా.

మొన్న చేపలకని వెళ్ళి, ఇదంతా ఆ వల పోయినవాడి భార్యకు చదివి వినిపించాను. కొత్త వల ఒడిలో వేసుకొని, దాని కొసకు పాత పీలికలు అతుకుతోంది. ఎందుకని నేను అడగలేదు. ఆమే తలెత్తకుండా చెప్పింది.

"తాడు నువ్వు పట్టుకున్న మాట నిజమే పెద్దాయనా. బురదలో నిలబడి పట్టుకున్నావు. కాలవకి నీళ్ళు పైనుంచే వస్తాయన్న గాడిదవి నువ్వే. వరి మడి తెలిసినోణ్ణి, మడ నాకొక లెక్కా, నా ఎనకాల రాండని వాళ్ళని దింపింది నువ్వే. నీ అరుపు ఇనలేక ముందు నిన్నే లాగినారు. పడవెక్కింది నలుగురు, కట్టింది ముగ్గురు. నీ పాలు రాక వల పొట్టిదై, మా ఆయన లోతుకి పోలేకుండా ఉండాడు. ఆ కాయితం మడిచి జేబులో పెట్టుకో. పెట్టుకొని, డబ్బులు తియ్యి."